కాళ్ళు కదుపుతున్నావా?

దోహా, ఖతర్
9 అక్టోబరు 1978

గంగామణికి,

మూడు వారాలుగా నా ఉత్తరం లేక నువ్వు పోస్ట్‌మ్యాన్ మీద విసుక్కుంటూ ఉంటావు. అతని తప్పేమీ లేదు, నేనే రాయలేదు. ఇక్కడ పని తెంపు లేకుండా ఉంది. నిరుడు నేను వచ్చేనాటికి అల్ మన్సూరాలో సగం ఇసుకే. ఇప్పుడు ఎటు చూసినా మేడలు లేస్తున్నాయి. నూనె బావుల పుణ్యమా అని ఈ ఊళ్ళో ఎవరికీ ఆగే తీరిక లేదు. పొద్దున లేస్తే 'యల్లా, యల్లా' అని తొందరపెట్టే మాటే.

ఎడమ చేతికి కాస్త వేడి తగిలింది. పెద్దదేం కాదు. అందుకని నీడపట్టున తేలిక పని ఇచ్చారు. కూర్చుని చేసే పనే కాబట్టి దిగులు పడకు.

ఊరికే ఉంటే ఏవేవో గుర్తొస్తాయి. డ్యూటీ చీర ఉతికి ఆరేశాక మడత పెట్టడానికి ఒక కొస నా చేతికిచ్చేదానివి చూడు, అది గుర్తొచ్చింది. ఒక్కో మడతకూ ఒక్కో అడుగు దగ్గరికి వచ్చేదానివి. చివరి మడత దగ్గర చీర లాక్కుని వెళ్ళిపోయేదానివి. మనం కలిసి ఉన్నది రెండేళ్ళు. అందులో ఎన్నిసార్లు మడత పెట్టామో లెక్కపెట్టబోయి మానేశాను.

అమ్మను అడిగానని చెప్పు.

నీ
జలంధర్


నిజామాబాద్
24 అక్టోబరు 1978

జలంధర్ గారికి,

మీ ఉత్తరం అత్తమ్మకు చదివి వినిపించాను. "మా కొడుక్కు నీడకు కూసుండే పనిచ్చిండ్రట. దుబాయోళ్ళు మంచోళ్ళే" అని వాకిట్లోకి వెళ్ళి నలుగురికీ చెప్పి వచ్చింది. ఖతర్ అని నేను ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు అది దుబాయే.

నేను మాత్రం సంతోషపడలేదు. మీరు ఎప్పుడూ పెన్నుతో రాస్తారు. ఈ ఉత్తరం పెన్సిల్‌తో ఉంది. వెల్లకిలా పడుకుని కాగితం పైకెత్తి రాస్తే పెన్నులో సిరా దిగదు, నాలుగక్షరాలకే ఆరిపోతుంది. మా వార్డులో మంచం దిగలేనివాళ్ళు ఉత్తరం రాసుకుంటామంటే నేనే పెన్సిల్ తెచ్చిస్తాను. ఏడేళ్ళుగా నర్సు పని చేస్తున్నదాన్ని. నా దగ్గర ఇది దాగుతుందని ఎలా అనుకున్నారు?

మీరు కూర్చుని పని చేయడం లేదు. ఎక్కడో పడుకుని ఉన్నారు. ఎక్కడ, ఎంత కాలింది, ఏ మందులు ఇస్తున్నారు, అన్నీ రాయండి. నాకు తెలిసిన దెబ్బకు నేను ఏడుస్తాను, అంతే. తెలియని దెబ్బకైతే రోజూ వార్డులో ఏ మంచం దగ్గరికి వెళ్ళినా మీరే కనిపిస్తున్నారు.

చీర సంగతి రాయకుండా ఉండాల్సింది. ఇప్పుడు ఒక కొస తలుపు గడియకు కట్టి మడత పెడుతున్నాను.

గంగామణి


దోహా
6 నవంబరు 1978

గంగామణీ,

పట్టుకున్నావు. ఇక దాచను.

సెప్టెంబరు పద్దెనిమిదిన అల్ మన్సూరాలో ఒక మేడ మీద ఉన్నాం. కప్పు నీరు కారకుండా వేడి తారు పోస్తారు. డ్రమ్ములో తారు కాగుతుంటే నేను పక్కనే పైపు బిగిస్తున్నాను. తారు పొంగి మంట అంటుకుంది. డ్రమ్ము నా వైపే ఒరిగింది. రెండు కాళ్ళూ మోకాళ్ళ దాకా, ఎడమ చెయ్యి కాలాయి. మన ఆర్మూరు పోశన్న లేడూ, వాడే నన్ను వెనక్కి లాగి గోనెపట్టాలు కప్పాడు. నన్ను మోసుకుని మెట్లు దిగుతూ "ఏం గాదు జలంధరన్నా, ఏం గాదు" అని అంటూనే ఉన్నాడు. వాడికి ఆ ఒక్క మాటే వస్తుందేమో అనిపించింది.

పెద్దాసుపత్రిలో ఉన్నాను. తొడ మీది చర్మం తీసి కాళ్ళకు అతికించారు. అతికిన చర్మం కదిలిపోకూడదని అయిదు రోజులు కాళ్ళు కొయ్యల్లా పెట్టుకుని పడుకోమన్నారు. అదయ్యాక రోజంతా కదుపు, కదుపు అని ప్రాణం తీస్తున్నారు. వీళ్ళకు కావలసింది కదలడమో కదలకపోవడమో నాకు అర్థం కావడం లేదు.

ఇంకో విడ్డూరం విను. కాలింది కాళ్ళయితే పొద్దున, సాయంత్రం పొట్ట మీద సూది వేస్తారు. హెపారిన్ అట. పొట్ట అంతా నేరేడుపళ్ళు చిదిపినట్టు మచ్చలు. ఇక్కడి నర్సు తహెరున్నీసా మన హైదరాబాదామె. "ఇది గాయానికి కాదు భాయ్, లోపలి రక్తానికి" అంటుంది. రక్తానికేం రోగమో మరి.

చాలా బాధ ఉందని రాయను. ఉందని నీకు తెలుసు. నీ చెయ్యి ఉంటే వేరు. ఈమె మంచిదే, చేతులు మెత్తనివే. అయినా పొద్దున కట్లు విప్పేటప్పుడు కళ్ళు మూసుకుని, విప్పుతున్నది నువ్వే అనుకుంటాను.

జలంధర్


నిజామాబాద్
19 నవంబరు 1978

జలంధర్ గారికి,

నిజం రాసినందుకు సంతోషం. చదివి, స్టోరు గదిలోకి వెళ్ళి దూది మూటల మధ్య కూర్చుని ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని డ్యూటీ చేశాను. అత్తమ్మకు చెయ్యి వరకే చెప్పాను.

ఇప్పుడు ఏడవడం లేదు, జాగ్రత్తగా చదవండి. ఒళ్ళు ఎక్కువగా కాలిన మనిషి రక్తం మామూలుగా ఉండదు. తొందరగా గడ్డ కట్టే గుణం వస్తుంది. దానికి తోడు కాలు కదలకపోతే, పిక్కలో రక్తం పారకుండా నిలిచి, పాలు తోడుకున్నట్టు తోడుకుంటుంది. అది అక్కడే ఉంటే వాపు, నొప్పి. అక్కడ ఉండకుండా ఊడి పైకి వెళ్తే ఏమవుతుందో రాయను. పొట్ట మీద వేసే ఆ సూది రక్తం తోడుకోకుండా చూడ్డానికే. చర్మం అతుక్కునే అయిదు రోజులూ కాలు కదలకూడదు, తర్వాత కదలాలి. రెండూ నిజమే. ఆ మధ్యలో మిమ్మల్ని కాపాడేది ఆ సూదే. నేరేడుపండు మచ్చల్ని నవ్వులాటగా తీసుకోకండి.

మెలకువగా ఉన్న ప్రతి గంటకూ పదిసార్లు పాదాన్ని మీ వైపు వంచండి, అవతలికి చాచండి. వేళ్ళు ముడిచి విప్పండి. బాగా నీళ్ళు తాగండి. నొప్పెడితే తిట్టుకోండి, నన్నే తిట్టండి, కాని కదపండి. డాక్టరు లేవమన్న రోజున లేవండి.

నేను ఇక్కడ గడియారం చూసినప్పుడల్లా కుర్చీలో కూర్చుని నా పాదాలు పదిసార్లు వంచుతున్నాను. సాటి నర్సు చూసి, "ఏమైంది గంగామణీ, కాళ్ళు తిమ్మిరెక్కినయా?" అంది. అవునన్నాను. మీతో కలిసి చేసే పని ఇంకొకటి దొరకలేదు.

కదుపుతున్నారా?

గంగామణి


దోహా
1 డిసెంబరు 1978

గంగామణీ,

నీకు కోపం వస్తుంది. అయినా రాస్తున్నాను.

సూది వద్దన్నాను. వారమైంది. తహెరున్నీసా బతిమాలింది, గద్దించింది, డాక్టరును పిలుచుకొచ్చింది. నేను "మాఫీ, మాఫీ" అని మొహం గోడ వైపు తిప్పుకున్నాను. లేదు, వద్దు అనే ఆ ఒక్క అరబ్బీ మాటా ఇన్నాళ్ళకు పనికొచ్చింది. పాదాలు కూడా కదపడం లేదు. ఆమె వచ్చినప్పుడు నిద్రపోతున్నట్టు పడుకుంటాను.

ఎందుకో చెప్తాను. పది రోజుల కిందట కంపెనీ మనిషి వచ్చాడు. "నడవగానే ఇంటికి పంపిస్తాం, టికెట్ రెడీ" అన్నాడు. మంచి మాట అనుకుని చెప్పాడు పాపం. నడిస్తే పంపిస్తారు. అందుకే నడవకూడదనుకున్నాను.

నీకు చెప్పనిది ఒకటుంది. ఎడమ చెంప, ఎడమ చెవి కూడా కాలాయి. చెవి సగం లేదు. చెంప ముడుచుకుపోయి కంటి కొస కిందికి లాగింది. శుక్రవారం పోశన్న చూడ్డానికొచ్చాడు. గంటసేపు కిటికీతో మాట్లాడి వెళ్ళాడు. నన్ను భుజాన మోసినవాడే చూడలేకపోతే నువ్వెలా చూస్తావు? నీ దగ్గరికి రావాలని నా ఒళ్ళంతా కొట్టుకుంటోంది. నీ ముందుకు రాకూడదని కూడా అంతే కొట్టుకుంటోంది. ఇలా పడుకుని ఉంటే ఏదీ తేల్చుకోనక్కర్లేదు.

నాలుగు రోజులుగా ఎడమ పిక్క తడిగుడ్డ పిండినట్టు బిగుసుకుంటోంది. కట్టు కింద వేడిగా, బరువుగా ఉంది. ఎవరికీ చెప్పలేదు. చెప్తే కట్లు విప్పుతారు, మళ్ళీ ఆ నరకం. రెండు రోజుల్లో అదే తగ్గుతుంది.

చీర మడత పెట్టాలంటే అమ్మను పిలువు. గడియకు కట్టకు.

జలంధర్


టెలిగ్రాం
నిజామాబాద్, 13 డిసెంబరు 1978
జలంధర్, కాలిన గాయాల వార్డు, దోహా

ఎడమ పిక్క నొప్పి వాపు దాస్తున్నాడు. రక్తం గడ్డ కావచ్చు. నర్సు తహెరున్నీసా వెంటనే డాక్టరుకు చూపించగలరు. జలంధర్ లేవకు, పిక్క పిసకనివ్వకు, చెప్పు.
గంగామణి, స్టాఫ్ నర్సు, భార్య


నిజామాబాద్
13 డిసెంబరు 1978

జలంధర్,

నీ ఉత్తరం ఇవాళ పొద్దున పది గంటలకు అందింది. రాసి పన్నెండు రోజులు. పిక్క నొప్పి మొదలై పదహారు రోజులు. పోస్టాఫీసు దాకా పరుగెత్తాను. మా డాక్టరమ్మ ఇంగ్లీషులో రాసిచ్చింది. కౌంటరు దగ్గర గుమాస్తా "అమ్మా, గీ మాటలు తగ్గిస్తె మంచిగుంటది" అన్నాడు. ఒక్క అక్షరం తగ్గించనన్నాను.

ఈ ఉత్తరం నువ్వు చదువుతావో లేదో తెలియకుండా రాస్తున్నాను. ఉత్తరాల్లో ఇన్నాళ్ళూ మీరు అని రాశాను, మర్యాదగా ఉంటుందని. ఇవాళ అంత ఓపిక లేదు. నోటితో పిలిచినట్టే రాస్తాను.

నీ దగ్గర నేను కూడా ఒకటి దాచాను. ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు వేరే ఊరి ఆసుపత్రిలో రాములవ్వ అనే ఆమెను నాకు అప్పగించారు. స్టవ్ పేలి తొడల దాకా కాలింది. గాయాలు మానుతున్నాయి. రోజూ కాళ్ళు కదిపించడం నా పని. కదిపితే అరిచేది. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని "బిడ్డా, నీ కాళ్ళు మొక్కుత, ఇయ్యాల్ల ఇడిసిపెట్టు" అంది. నాకు పంతొమ్మిదేళ్ళు. జాలేసింది, విడిచిపెట్టాను. మర్నాడూ విడిచిపెట్టాను. ఆ తర్వాత అడగకుండానే విడిచిపెట్టాను. నేను మంచిదాన్నని పిల్చి పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ళ మేకల సంగతులు చెప్పేది. పదహారో రోజు పొద్దున పిక్క లాగుతోందంది. పడుకుని పడుకుని పట్టేసి ఉంటుందన్నాను. మధ్యాహ్నం దుప్పటి మార్చడానికి లేపి కూర్చోబెడుతుంటే దగ్గొచ్చింది. "ఊపిరాడ్తలేదు బిడ్డా" అంది. నా భుజం మీదే పోయింది.

పిక్కలోంచి గడ్డ ఊడి ఊపిరితిత్తులకు పోయిందని పెద్ద డాక్టరు చెప్పారు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అప్పటినుంచి ఏ మనిషి ఎంత ఏడ్చినా నేను కాళ్ళు కదిపిస్తాను. వార్డులో నాకు రాతి గుండె అని పేరు. ఆ పేరు నాకు చాలు.

నీ చెంప గురించి ఇప్పుడేమీ మాట్లాడను. ముందు నువ్వు ఉండు. నువ్వుంటే కదా చెంప.

గంగామణి


దోహా
22 డిసెంబరు 1978

గంగామణీ,

ఉన్నాను.

పద్నాలుగో తారీకు మధ్యాహ్నం తహెరున్నీసా టెలిగ్రాం చేత్తో పట్టుకుని వచ్చింది. చదివి వినిపించలేదు. నేరుగా దుప్పటి తీసింది. "క్యా భాయ్! బీవీ నిజామాబాద్‌ల కూసొని నీ పిక్క చూస్తున్నది, నేను గీడ పక్కన నిలబడి చూస్తలేను! నాకెందుకు చెప్పలే?" అంది.

సూడాన్ డాక్టరు వచ్చి కట్లు విప్పించి టేపుతో రెండు పిక్కలూ కొలిచాడు. ఎడమది రెండు వేళ్ళ మందం లావుగా ఉంది. ఎన్నాళ్ళ నుంచి అని అడిగించాడు. పదిహేడు రోజులన్నాను. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. అదే హెపారిన్‌ను ఇప్పుడు సీసాలో కలిపి నరంలోకి ఎక్కిస్తున్నారు. పొట్ట మీద రెండు చిన్న సూదులు వద్దన్నవాడికి రోజంతా సూది చేతిలోనే.

వారం రోజులు మంచం కాళ్ళ వైపు ఎత్తిపెట్టి, లేవనివ్వకుండా పడుకోబెట్టారు. మూడో రోజు ఉన్నట్టుండి దగ్గొచ్చింది. తహెరున్నీసా పరుగెత్తుకొచ్చి నాడి చూసింది, డాక్టరు గుండె విన్నాడు. ఏమీ లేదు, మామూలు దగ్గే. కాని ఆ రెండు నిమిషాల్లో గంగామణీ, నా కాలిలోంచి ఏదో బయల్దేరిందనుకున్నాను. అది నీకన్నా ముందు నన్ను చేరుతుందనుకున్నాను. ఇన్నాళ్ళూ ఏదీ తేల్చుకోనక్కర్లేదనుకుని పడుకున్నవాణ్ణి, ఆ రెండు నిమిషాల్లో తేల్చుకున్నాను. నాకు బతకాలని ఉంది.

నీ ఉత్తరం ఇంకా రాలేదు, టెలిగ్రాం ఒక్కటే ఉంది. 'స్టాఫ్ నర్సు, భార్య' అని రాశావు. వార్డులో అందరికీ అది కంఠతా వచ్చేసింది. కుడి కాలు గంటకు పదిసార్లు కదుపుతున్నాను. ఎడమది వాళ్ళు ఎప్పుడు కదపమంటే అప్పుడు.

జలంధర్


నిజామాబాద్
4 జనవరి 1979

జలంధర్,

'ఉన్నాను' అన్న మాట చూశాక మిగతా ఉత్తరం సాయంత్రం దాకా చదవలేదు. ఆ మాట చాలింది.

ఈపాటికి నా ఉత్తరం అంది ఉంటుంది. రాములవ్వ సంగతి నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇంక దాని గురించి నువ్వేమీ రాయనక్కర్లేదు.

ఇప్పుడు చెంప సంగతి. నేను నర్సును కాబట్టి ఇలాంటి మొహాలు చాలా చూసి ఉంటానని, తట్టుకుంటానని నీకు నువ్వే చెప్పుకుంటున్నావేమో. అలా చెప్పుకోకు. నిన్ను నర్సులా చూడను. చూడగానే ఏడుస్తాను. ఏడవనని మాట ఇవ్వలేను. నీ ఎడమ చెవి వెనక చిన్న పుట్టుమచ్చ ఉండేది. నీకు అది ఉన్నట్టు కూడా తెలియదు, ఎప్పుడూ చూసుకోలేవు కదా. అది నాది. అది పోయి ఉంటే దానికి కూడా ఏడుస్తాను. కొన్నాళ్ళు నీ మొహం చూసినప్పుడల్లా పాత మొహం వెతుక్కుంటాను. తర్వాత వెతుక్కోను. ఎన్నాళ్ళకో తెలియదు. ఉన్నమాట రాస్తున్నాను, తియ్యగా రాయడం చేతకాదు.

కాని ఇంటికి రాకుండా అక్కడే ఉండిపోతే, ఆ పాత మొహాన్నే పట్టుకుని నేను ముసలిదాన్నవుతాను. అది నాకు వద్దు. నీతో కలిసి మారాలి నా కళ్ళు కూడా.

కాళ్ళు కదుపుతున్నావా?

గంగామణి


దోహా
11 ఫిబ్రవరి 1979

గంగామణీ,

నడుస్తున్నాను. మొదటి రోజు మంచం నుంచి కిటికీ దాకా. నిలబడగానే కాళ్ళలోకి రక్తం దిగి పచ్చి చర్మం పగిలిపోతున్నట్టయింది. తహెరున్నీసా ఒక పక్క, పోశన్న ఒక పక్క. "యల్లా అన్నా, ఇంకో అడుగు" అని పోశన్న. కిటికీ దగ్గరికి చేరాక నేను వాడి గడ్డం పట్టుకుని నా వైపు తిప్పుకున్నాను. "ఇగ చూడు" అన్నాను. చూశాడు. కళ్ళలో నీళ్ళు నిండాయి. "మంచిగనే ఉన్నవన్నా" అని అబద్ధం చెప్పాడు. ఇద్దరం నవ్వాం. నవ్వితే చెంప లాగుతుంది, అయినా నవ్వాం.

ఇప్పుడు వరండా అంతా తిరుగుతున్నాను. కాళ్ళకు బిగుతుగా సాగే కట్లు చుట్టుకుని, రక్తం పలచగా ఉంచే మాత్ర రోజుకొకటి వేసుకుంటున్నాను. ఏప్రిల్ దాకా వేసుకోవాలట. మాత్ర ఉన్నన్నాళ్ళూ రక్తపరీక్ష చేయించాలని డాక్టరు చీటీ రాసిచ్చాడు, మీ డాక్టరమ్మకు.

కంపెనీ మేనేజరు పిలిపించాడు. అబూ హమూర్‌లో కొత్త స్టోరు పెడుతున్నారు, కూర్చుని సామాను రాసుకునే పని ఇస్తానన్నాడు. రెండేళ్ళు. అంటే ఇంటికి వెళ్ళాలా వద్దా అన్నది ఇప్పుడు నా చేతిలోనే ఉంది. రెండు రోజులు ఆలోచించాను. రెండేళ్ళలో చెంప రంగు కాస్త సర్దుకుంటుందని కూడా అనుకున్నాను, దాచడం ఎందుకు. మూడో రోజు వెళ్ళి "మాఫీ" అన్నాను. ఈసారి మొహం అతని వైపే పెట్టి.

మార్చి ఏడున బొంబాయి విమానం. మన్మాడ్‌లో బండి మారి తొమ్మిదో తారీకు పొద్దున నిజామాబాద్‌లో దిగుతాను. ఒక్కటే అడుగుతాను. స్టేషన్‌కు రాకు. అంతమంది మధ్య నువ్వు మొదటిసారి నన్ను చూడడం నాకు ఇష్టం లేదు. వెయిటింగ్ రూంలో కూర్చుని పొద్దువాలాక రిక్షాలో ఇంటికి వస్తాను.

జలంధర్


నిజామాబాద్
23 ఫిబ్రవరి 1979

జలంధర్,

పొద్దంతా వెయిటింగ్ రూంలో కూర్చుంటావా? రెండు రోజులు విమానంలో, రైల్లో కాళ్ళు ముడుచుకుని వచ్చి, మళ్ళీ పొద్దువాలే దాకా కూర్చుంటావా? ఇన్ని ఉత్తరాలు రాసి నేను నీకు నేర్పింది ఇదేనా? రైల్లో గంటకోసారి లేచి నడువు. నీళ్ళు తాగు. కాలు మీద కాలు వేసుకోకు.

తొమ్మిదో తారీకు సెలవు పెట్టాను. పొద్దున బండి వేళకు ప్లాట్‌ఫారం మీద ఉంటాను. అత్తమ్మకు చెంప సంగతి నిన్న చెప్పాను. "కండ్లు మంచిగున్నయా?" అని అడిగింది. బాగున్నాయన్నాను. "ఐతె మనల్ని చూస్తడు" అంది. ఆమె ఇంట్లో వంట చేస్తూ ఉంటుంది. నేనొక్కదాన్నే వస్తాను.

బండి ఆగాక జనం అంతా దిగనివ్వు. తర్వాత నువ్వు దిగు. నేను పరుగెత్తుకుని ఎదురు రాను, చెయ్యి పట్టుకోను, సామాను అందుకోను. నీళ్ళ కుళాయి దగ్గర నిలబడి ఉంటాను. పట్టపగలు, ఎండలో. నువ్వు రైలుపెట్టె దగ్గర్నుంచి అక్కడిదాకా నడిచి రా. ఎంతసేపు పడితే అంతసేపు పట్టనీ.

మూడు నెలలుగా కాగితం మీద కదిలిస్తున్న కాళ్ళు అవి. నా దగ్గరికి నడిచి రావడం కళ్ళారా చూడాలి.

గంగామణి